బీఎఫ్ఏ మధ్యలో మానేసి ఇంట్లో పోర్ట్‌ఫోలియో చేసుకోవాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివాను. కొత్తగా చూసేవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెప్తాను. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎఫ్ఏ (నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్, రెండో ఏడాది పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఉండేది చిత్తూరులో, రోజూ బస్సులో వచ్చిపోతున్నావు. గేమ్ కంపెనీల్లో కాన్సెప్ట్ ఆర్టిస్ట్ (గేమ్‌లో వచ్చే మనుషులు, చోట్లు, వస్తువులు ఎలా ఉండాలో ముందుగా గీసిచ్చే మనిషి) కావాలని కోరిక. కాలేజీలో ఇంకా ప్లాస్టర్ తలకాయలకి షేడింగే వేయిస్తున్నారు, మాస్టర్లకి డిజిటల్ రాదు, కాబట్టి చదువు ఆపేసి ఏడాది పాటు ఇంట్లో కూర్చుని పోర్ట్‌ఫోలియో (ఉద్యోగానికి చూపించే మన బొమ్మల పేజీ) తయారు చేసుకుంటే మేలు కదా, మూడో ఏడాది ఫీజు డబ్బుతో ఐప్యాడ్ కొనమంటారా అని అడిగావు. నాయనది టైలరింగ్ షాపు, ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇప్పుడే మానొద్దు. ఈ ఎండాకాలం సెలవులు అయ్యాక తేల్చుకో. నువ్వు చెప్పిన ఇబ్బందులు చాలావరకు నిజమే, వాటిని కొట్టిపారేయను. కానీ అన్నిటికంటే పెద్ద ఇబ్బందిని నువ్వు ఒక్క వాక్యంలో అనేసి దాటిపోయావు, దాని దగ్గరికి కాసేపాగి వస్తాను.

నా గురించి అడగకముందే చెప్తాను: హైదరాబాద్‌లో, బెంగళూరులో గేమ్ స్టూడియోల్లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు తిరుపతిలోనే ఉంటూ ఇంటి నుంచి పనులు చేసుకుంటున్నాను. ఫ్రెషర్ల పోర్ట్‌ఫోలియోలు చూసి వడపోసే పని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా నెత్తినే పడేది. అక్కడ ఏం జరుగుతుందో చెప్తే నీ ప్రశ్నలో సగం తేలిపోతుంది.

లింకు తెరుస్తాం. మొదటి వరసలో కనిపించే నాలుగైదు బొమ్మలు చూస్తాం, ఒక నిమిషం కూడా పట్టదు. అందులో బాగోలేనిది ఒక్కటున్నా కళ్లు దాని మీదే ఆగుతాయి, ఎందుకంటే ఇతనికి ఏది బాగుందో ఏది బాలేదో తెలియట్లేదు అని అదే చెప్తుంది. ఇరవై బొమ్మలు పెట్టినవాడి కంటే ఎనిమిది పెట్టి ఆగినవాడే ఎక్కువసార్లు ఇంటర్వ్యూ దాకా వచ్చాడు. ఈ దశలో ఏ కాలేజీ, ఎంత పర్సంటేజీ అని నేనెప్పుడూ చూడలేదు, నా పక్కన కూర్చున్నవాళ్లు చూడగా కూడా చూడలేదు. ఇక్కడిదాకా నువ్వు వీడియోల్లో విన్నది నిజమే, డిగ్రీ కాగితం ఎవరూ అడగరు.

అడిగేది ఆ తర్వాత. పెద్ద కంపెనీ అయితే ఆర్ట్ టీమ్ ఓకే అన్నాక ఫైలు హెచ్‌ఆర్ దగ్గరికి పోతుంది, వాళ్లకి నీ గీత తెలియదు, వాళ్ల ఫారంలో విద్యార్హత అనే గడి ఉంటుంది. జీతం ఏ స్థాయిలో పెట్టాలన్నది కొన్నిచోట్ల ఆ గడిని బట్టే ఉంటుంది. చిన్న స్టూడియోల్లో ఈ గోల ఉండదు. ఇక బయటి దేశాల సంగతి వేరే కథ. అమెరికా హెచ్-1బీ వీసాకి బ్యాచిలర్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ ఉండి తీరాలి, చదువు తక్కువైతే మూడేళ్ల ఉద్యోగ అనుభవాన్ని ఒక ఏడాది చదువు కింద లెక్కేస్తారు. అంటే డిగ్రీ అసలే లేనివాడికి 12 ఏళ్ల అనుభవం కావాలి. నీకు ఇప్పుడు అమెరికా మీద ఆశ లేకపోవచ్చు, ఇరవై ఏళ్ల వయసులో నాకూ లేదు, ముప్ఫై దాటాక అందరికీ ఒకసారి పుడుతుంది. శాంతినికేతన్, బరోడా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట ఎంఎఫ్ఏ చేయాలన్నా, ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మాస్టర్స్‌కి వెళ్లాలన్నా చేతిలో డిగ్రీ ఉండాలి. "ఏదో ఒక డిగ్రీ ఉంటే గ్రూప్ టూ అయినా రాసుకోవచ్చు కదప్పా" అని మీ నాయన అంటే నవ్వకు, ఆయన లెక్క ఆయనకుంది, అది తప్పు లెక్క కాదు.

బాపు గారు ఏ ఆర్ట్ కాలేజీలో చదివారు అని నువ్వే రాశావు. ఈ పేరు రాకుండా ఈ చర్చ ఎప్పుడూ ముగియదు. ఆయన ఆర్ట్ కాలేజీకి వెళ్లలేదు, నిజం. కానీ మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు, 1955లో. పైగా పత్రికలకి బొమ్మలు వేసేవారు. పత్రిక అంటే ఏంటి? కథ చేతికొస్తుంది, ఫలానా రోజుకి బొమ్మ ఇవ్వాలి, ఎడిటర్ చూస్తాడు, అచ్చులో వేలమంది చూస్తారు, మళ్లీ వారం ఇంకో కథ. గడువు, చూసేవాళ్లు, అచ్చయిన తప్పు కళ్లముందు కనపడటం, అన్నీ పత్రికే ఇచ్చింది. ఇంట్లో తలుపేసుకుని ఏడాది పాటు ఎవరికీ చూపించకుండా గీయడం దీంతో పోలిక లేని పని. ఇంకోవైపు తోట వైకుంఠం గారు హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత మళ్లీ తెలంగాణ పల్లె మనుషుల దగ్గరికే వచ్చారు. పేర్లు చెప్పుకుంటూ పోతే రెండువైపులా దొరుకుతాయి, కాబట్టి పేర్లు పక్కన పెడదాం.

మన చుట్టుపక్కల కాలేజీ లేకుండా బొమ్మ నేర్చుకునే పద్ధతి లేకపోలేదు. శ్రీకాళహస్తికి ఒకసారి వెళ్లి కలంకారీ వేసేవాళ్ల ఇంట్లో ఒక పూట కూర్చో, కుర్రాళ్లు ఎలా నేర్చుకుంటారో చూడు. గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు, రంగు పక్కకి పాకకుండా ఆ పాలు కాపాడతాయి. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు లేతగా గీస్తారు, అది దులిపితే పోతుంది. దాని మీద వెదురు కలంతో నల్ల గీత వేస్తారు చూడు, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రావణంతో, అది గుడ్డలో ఉన్న కరక్కాయ వగరుతో కలిసి అప్పటికప్పుడే నల్లబడుతుంది, ఇంక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అన్‌డూ లేదు. అందుకే కొత్తగా చేరినవాడికి ఆ కలం వెంటనే ఇవ్వరు, చాలా రోజులు బొగ్గుతోనే, పెద్దాయన పక్కనుండి చూస్తుండగానే. ఇక్కడ గమనించాల్సింది ఆ పక్కనున్న మనిషిని. టీటీడీ నడిపే శిల్ప శిక్షణ సంస్థలో అయినా, కాళహస్తి ఇళ్లలో అయినా, మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కేవాళ్ల దగ్గర అయినా, చెయ్యి తప్పుతున్నప్పుడే చూసి చెప్పే మనిషి ఒకరుంటారు. కాలేజీ మానేస్తే నీకు అలా ఎవరున్నారు? నీ పోస్టులో ఎంత వెతికినా ఒక్క పేరూ కనపడలేదు. యూట్యూబ్ నీ బొమ్మని చూడదు, నువ్వే దాన్ని చూస్తావు.

ప్లాస్టర్ బొమ్మల గురించి కూడా ఒక మాట. బోరు కొడుతుంది, ఒప్పుకుంటాను. కానీ పోర్ట్‌ఫోలియోల్లో ఫ్రెషర్లు ఎక్కువగా తన్నేసేది వెలుతురు దగ్గరే. గుహలో కాగడా ఉంటుంది, వెలుగు మాత్రం ముఖం మీద ముందు నుంచి పడుతుంటుంది. బట్ట మడత నీడ ఒకవైపు, ముక్కు నీడ ఇంకోవైపు. ఒకే దీపం కింద తెల్ల ప్లాస్టర్ తలని నెలల తరబడి వేసినవాడు ఈ తప్పు చేయడు. మాస్టారికి ఫోటోషాప్ రాకపోతే పోనీ, నీ డిజిటల్ బొమ్మని ఏ-త్రీ సైజులో ప్రింటు తీసి ఆయన ముందు పెట్టు. ఏ బ్రష్ వాడావో ఆయనకి అక్కర్లేదు, మోచెయ్యి రెండంగుళాలు కిందికొచ్చిందని చెప్తాడు, నీకు కావాల్సింది అదే. ఆయన బొత్తిగా ఏమీ చెప్పని రకమైతే, క్లాసుకే రాని రకమైతే అది వేరే సంగతి, అది రాయి, అప్పుడు నా జవాబు కూడా కొంచెం మారుతుంది.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం. "పొద్దున ఆరున్నరకి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి ఏడవుతుంది, ఇంక గీసే ఓపిక ఉండట్లేదు" అని రాశావు.

ఇది కదా అసలు రోగం! చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్భై కిలోమీటర్లు, బస్టాండులో పడిగాపులు, ఇక్కడ దిగి ఆటో పట్టుకోవడం అన్నీ కలిపి రోజుకి నాలుగు గంటలు పోతున్నాయి. సెమిస్టర్‌కి 90 పనిదినాలే వేసుకున్నా 360 గంటలు. ఒక మంచి క్యారెక్టర్ ప్రాజెక్టు మొదటి గీత నుంచి చివరి షీటు దాకా పూర్తి చేయడానికి కొత్తవాడికి నూరు, నూటయాభై గంటలు పడతాయనుకో, నువ్వు సెమిస్టర్‌కి రెండు ప్రాజెక్టులు బస్సులో పారేసుకుంటున్నావు. కాలేజీ నీ టైమంతా తినేస్తోందని నువ్వు అనుకుంటున్నావు గానీ తింటున్నది రోడ్డు. తిరుపతిలోనే బైరాగిపట్టెడ వైపో భవానీనగర్ వైపో ముగ్గురు నలుగురు కలిసి ఉండే రూములో చేరిపో. అద్దెలో నీ వాటా బస్సు ఖర్చు కంటే మరీ ఎక్కువేం కాదు, భోజనం ఒక్కటే అదనం. మీ క్లాసులోనే ఎవరో ఒకరు మనిషి కోసం వెతుకుతూ ఉంటారు. కాలేజీ మానే నిర్ణయం కంటే ముందు ఈ చిన్న నిర్ణయం తీసుకుని ఒక సెమిస్టర్ చూడు. అసలు అడ్డం టైమా, నువ్వా అన్నది తెలిసిపోతుంది.

ఇంట్లో ఉండి చేసుకుంటాను అనేవాళ్లకి ఏం జరుగుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామందిని దగ్గర్నుంచి చూశాను. మొదటి నెల బ్రహ్మాండంగా ఉంటుంది. రెండో నెలకల్లా ఇంట్లోవాళ్లకి నువ్వు ఖాళీగా ఉన్నట్టు కనపడటం మొదలవుతుంది. గ్యాస్ బండ వస్తుంది చూడు, అవ్వని ఆసుపత్రికి తీసుకెళ్లు, షాపులో జాకెట్లు డెలివరీ ఇచ్చిరా, పెదనాయన కూతురి పెళ్లికి పత్రికలు పంచిరా, ఎలాగూ ఇంట్లోనే ఉన్నావు కదా. తప్పు వాళ్లది కాదు, బొమ్మ వేస్తున్న మనిషి బయటికి చూస్తే కంప్యూటర్ ముందు ఊరికే కూర్చున్నట్టే ఉంటాడు. మూడో నెల నుంచి గీయడం తగ్గి ట్యుటోరియల్స్ చూడటం పెరుగుతుంది. చూస్తుంటే నేర్చుకుంటున్నట్టే ఉంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. కాలేజీ అనే మాట నోట్లో ఉన్నంతకాలం మన ఊళ్లో ఎవరూ నిన్నేమీ అడగరు. అది తీసేసిన రోజు నుంచి ఎదురైన ప్రతివాడికీ జవాబు చెప్పుకోవాలి, ఆ టెన్షన్‌లో గీత సాగదు.

బజారు సంగతి కూడా చూడాలి. 2022లో స్టేబుల్ డిఫ్యూజన్, మిడ్‌జర్నీ లాంటి, మాటలు రాస్తే బొమ్మ వేసిచ్చే ఏఐ టూల్స్ వచ్చిన దగ్గర్నుంచి అంతకుముందు జూనియర్లకి ఇచ్చే పనులు కొన్ని, అంటే మూడ్ కోసం త్వరగా వేసే బొమ్మలు, రిఫరెన్స్ కొలాజ్‌లు లాంటివి, తగ్గాయి. 2025 ఫిబ్రవరిలో సినిమాలకి గ్రాఫిక్స్ చేసే టెక్నికలర్ కంపెనీ మూతపడితే బెంగళూరులో అనుభవం ఉన్న ఆర్టిస్టులు ఒక్కసారిగా వేలల్లో రోడ్డున పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది చేసింది వీఎఫ్ఎక్స్, యానిమేషన్ పని, కానీ ఉద్యోగాలు వెతుక్కునేది అందరూ అవే ఊళ్లలో. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఇలాంటప్పుడు స్టూడెంట్‌గా ఉండటం నీకు కలిసొస్తుంది, రెండేళ్లు తీరిగ్గా చెయ్యి పదును పెట్టుకోవచ్చు, పైగా ఇంటర్న్‌షిప్ ఇచ్చే చాలాచోట్ల కాలేజీ నుంచి లెటర్ అడుగుతారు. మానేసినవాడికి ఆ లెటర్ ఎవరిస్తారు?

ఇంక సెలవుల్లో చేయాల్సిన పని. దీనికి ముందు ఒకటి తేల్చుకో, కాన్సెప్ట్ ఆర్టిస్ట్ అంటే ఏ పని? క్యారెక్టరా (పాత్రలు), ఎన్విరాన్‌మెంటా (చోట్లు), ప్రాప్‌లా (వస్తువులు)? నీ పేజీలో ఒక డ్రాగన్, ఒక హీరోయిన్ ముఖం, రెండు సూర్యాస్తమయాలు, ఒక వినాయకుడు ఉన్నాయి. విడివిడిగా బాగున్నాయి, వినాయకుడి తొండం మలుపు చాలా బాగుంది, కానీ వీటిని చూసి నీకు ఏ పని ఇవ్వాలో నాకు తెలియదు. హైదరాబాద్, బెంగళూరు, పుణె స్టూడియోల ఉద్యోగ ప్రకటనలు ఒక పది తీసి ముందు పెట్టుకో, ఏం అడుగుతున్నారో తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకో. అందులో మళ్లీ మళ్లీ వచ్చే మాటలే నీ పోర్ట్‌ఫోలియోకి కొలతలు.

నీ బొమ్మలు చూస్తే మనిషి బొమ్మ మీదే నీకు ఇష్టం ఉన్నట్టుంది కాబట్టి క్యారెక్టర్ అనే అనుకుందాం. అలాంటప్పుడు డ్రాగన్ కోసం ఎక్కడికో పోవడం ఎందుకు, మే నెలలో తిరుపతి గంగజాతర నీ కాలేజీకి కూతవేటు దూరంలో జరుగుతుంది. ఈమధ్య ఒక సినిమా పుణ్యమా అని దేశమంతా దాని పేరు తెలిసింది గానీ ఆ వేషాల్ని సరిగ్గా చూసి గీసినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. తర్వాత దొర వేషం, మాతంగి వేషం. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, నగలు పెట్టుకుని వస్తారు. అమ్మవారు పాలెగాణ్ని వెతుకుతూ వేషాలు మారుస్తుందన్నది కథ. రంగు పథకం, కథ, ఒకే పాత్రకి పలు రూపాలు, గేమ్ క్యారెక్టర్‌కి కావాల్సినవన్నీ ఒక్కచోటే ఉన్నాయి, నువ్వు సెల్ఫీ దిగి వచ్చేస్తున్నావు.

ఈసారి స్కెచ్‌బుక్ పట్టుకుని వెళ్లు. తాతయ్యగుంట గుడి దగ్గర జనంలో నిలబడి గీయడం కష్టమే, అందుకని వేషం కట్టే ఇళ్ల దగ్గర, పొద్దున్నే, రంగు పూస్తున్నప్పుడు అడిగి కూర్చో, మనవాళ్లు కాదనరు. ఏం చూడాలంటే, ముఖం తర్వాత చూడు, ముందు ముడులు చూడు. నడుముకి కట్టిన బట్ట ఎక్కడ ముడిపడింది, పరుగెత్తితే ఏది ఊగుతుంది, ఏది కదలకుండా ఉంటుంది, చెమట పడితే బొగ్గు మెడ దగ్గర ఎలా చారలు కడుతుంది, మోచేతి మడతలో రంగు ముందు పోతుందా, వీపు మీద పోతుందా. త్రీడీ మోడల్ చేసేవాడు నీ బొమ్మని చూసి అడిగే ప్రశ్నలు ఇవే. ముఖం ఎంత అందంగా వేసినా వెనక నుంచి ఎలా ఉంటుందో వేయకపోతే అతని పని ఆగిపోతుంది.

ఇంటికొచ్చాక వేషం ఒకటే ఎంచుకో. తోటి వేషం తీసుకున్నావనుకో, ముందు నల్లటి నీడలాగా చిన్న చిన్న సిలౌట్లు ఒక ముప్ఫై వెయ్యి, బొటనవేలంత సైజు చాలు, ఏది చూసినా ఇది ఫలానా అని దూరం నుంచే తెలియాలి. వాటిలో నాలుగు ఎంచి కొంచెం వివరంగా. నాలుగులో ఒకటి పట్టుకుని ముందు, పక్క, వెనక మూడు వైపులా. పక్కనే ముడులు, గజ్జెలు, వేపమండ, చేతిలో వస్తువు విడివిడిగా పెద్దవి చేసి, ఏది గుడ్డ, ఏది లోహం, ఏది ఆకు అని రాసి. చివర్లో ఒక్క రంగుల బొమ్మ. జాతరలో చూసినదాన్ని ఉన్నదున్నట్టు దించితే అది డాక్యుమెంట్ అవుతుంది, డిజైన్ కాదు, కాబట్టి కనీసం ఒక మార్పు నీ బుర్రలోంచి రావాలి. అది నమ్మేవాళ్లకి నొప్పి కలగకుండా ఉండాలన్న ఇంగితం నీకు నేను చెప్పక్కర్లేదు, పుట్టింది ఇక్కడే కదా. ఎన్విరాన్‌మెంట్ మీదికి మనసు పోతే చంద్రగిరి కోట రాజమహల్ ఉంది, కానీ ఈ సెలవుల్లో రెండూ పెట్టుకోకు.

ఈ మొత్తం పనికి ఒక తారీఖు పెట్టుకో, కాలేజీ తెరిచే ముందు ఆదివారం. ఎవరూ గుర్తుచేయరు, ఎవరూ మార్కులు వేయరు, నువ్వు కోరుకున్న స్వేచ్ఛ సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఆ తారీఖుకి షీట్లన్నీ పూర్తయ్యాయా? అయితే వాటిని ఈమధ్యే జూనియర్‌గా ఉద్యోగం వచ్చినవాళ్ల పేజీ పక్కన పెట్టి, రెండూ చిన్న సైజులో చూసుకో, తేడా ఎంతుందో నీకే తెలుస్తుంది. తర్వాత ఈ రంగంలో ఉన్న ఇద్దరు ముగ్గురికి పంపి, బాగుందా అని అడక్కుండా, మీ టీమ్‌లో ఈ షీటుతో పని నడుస్తుందా, ఎక్కడ ఆగుతుంది అని అడుగు. బాగుందా అంటే అందరూ బాగుందనే అంటారు. సగంలో ఆగిపోతే మాత్రం ఇప్పట్లో మానే ఆలోచన పెట్టుకోకు, నీకింకా టైంటేబుల్ కావాలి, చాలామందికి కావాలి, అందులో చిన్నతనమేమీ లేదు.

మానేయమని నేను చెప్పే సందర్భాలూ ఉన్నాయి. కాలేజీకి సరైన గుర్తింపు లేదని తేలితే ఆ రోజే బయటికి రా. మొదటి సెమిస్టర్‌లోనే ఇది నా దారి కాదని తెలిస్తే సంవత్సరాలు లాగడం దండగ. ఫీజు కోసం వడ్డీకి తెచ్చి ఇల్లు కుంగిపోతుంటే కూడా. ఇప్పటికే నెలనెలా బొమ్మల మీద డబ్బులు వస్తూ, ఆ పనికి కాలేజీ అడ్డమవుతుంటే ఆపొచ్చు. పుత్తూరు అమ్మాయి ఒకామె అలాగే ఆపేసింది, కానీ అప్పటికే పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేయడంలో చేతి నిండా ఆర్డర్లు ఉన్నాయి, చూసి సరిచేసే ఎడిటర్లు ఉన్నారు. నీ పోస్టులో ఇవేవీ కనపడలేదు.

ఒకవేళ సెలవుల తర్వాత మానాలనే తేలితే, క్లాసులకి వెళ్లడం ఊరికే ఆపేయకు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో ఒక ఏడాది పూర్తయితే సర్టిఫికెట్, రెండేళ్లయితే డిప్లొమా తీసుకుని బయటికి రావొచ్చు, చదివిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఉంటాయి, తర్వాత మళ్లీ చేరొచ్చు. మీ యూనివర్సిటీ దీన్ని బీఎఫ్ఏకి అమలు చేస్తోందా లేదా అన్నది ఎగ్జామినేషన్ సెక్షన్‌లో అడుగు, కాలేజీ ఆఫీసులో నోటిమాటగా చెప్పింది నమ్మకు. రెండో ఏడాది పరీక్షలు అన్ని పేపర్లూ రాసి పాసవ్వడం అందుకే ముఖ్యం, బ్యాక్‌లాగ్ ఉంటే ఈ దారి మూసుకుపోతుంది. ఏడాది విరామం తీసుకుని రీ-అడ్మిషన్‌తో మళ్లీ మూడో ఏడాదిలో చేరే వీలుందేమో కూడా అడుగు, ఉందంటే రాతపూర్వకంగా తీసుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ పట్టుకుని కూర్చుంటే, అలా పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పిందని గుర్తుచెయ్యి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతుంటే మధ్యలో మానితే ఎంత కట్టమంటారో ముందే తెలుసుకో, ఎడ్యుకేషన్ లోన్ ఉంటే బ్యాంకుకి వెళ్లి వాయిదాలు ఎప్పట్నుంచి మొదలవుతాయో అడుగు. కాలేజీ మానినా దూరవిద్యలో బీఏ ఒకటి కట్టి పెట్టుకుంటే ఖర్చు తక్కువ, డిగ్రీ గడి నిండుతుంది.

ఇంకో హెచ్చరిక. మానేశావని తెలియగానే యానిమేషన్ కోర్సులు అమ్మేవాళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటారు, లక్ష, లక్షన్నర అంటారు. పోయిన బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చిన ఇద్దరితో మాట్లాడించండి అని అడుగు చాలు, సగంమంది అక్కడే జారుకుంటారు. కట్టే కాలేజీ ఫీజు దండగని మానేసి ఇంకోచోట లక్షన్నర కట్టినవాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నాయనకి చెప్పాలా వద్దా అన్నావు. చెప్పు, కానీ మానేస్తున్నాను అని మొదలుపెట్టకు, రూము సంగతితో మొదలుపెట్టు. సెలవుల్లో చేసిన షీట్లు ఆయన ముందు పరిచి, ఇది ఫలానా పని, దీనికి ఫలానా జీతం, నేను ఇంత దూరంలో ఉన్నాను అని చూపించు. బట్ట ఎక్కడ ముడిపడుతుందో, మడత ఎటు పడుతుందో ఆయనకి నాకంటే బాగా తెలుసు, ఆ షీట్లో నీ తప్పు ఆయనే పట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

ఐప్యాడ్ మాటకొస్తే, వద్దు. స్టూడియోల్లో పని నడిచేది కంప్యూటర్ మీద, ఫోటోషాప్‌లోనో, త్రీడీ పని చేసే బ్లెండర్‌లోనో. నీ దగ్గర ఉన్న లాప్‌టాప్‌కి స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ ఒకటి నాలుగైదు వేలల్లో తీసుకో, మొదటి రెండు వారాలు చెయ్యి ఒకచోట, కళ్లు ఒకచోట ఉన్నట్టు చికాగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రీటా (Krita), బ్లెండర్ రెండూ ఉచితమే. లాప్‌టాప్‌లో ర్యామ్ ఎనిమిది జీబీనే ఉంటే పదహారుకి పెంచుకో. ఇంత చేసినా ఐప్యాడ్ ఖరీదులో చాలా మిగులుతుంది, అది రూము అడ్వాన్సుకి సరిపోతుంది.